కొంగు కుచ్చుతో కట్టిన ఈగ

మా ఆయన దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణంలో సేల్స్‌మన్. తెలంగాణ కోసం బంద్ అన్నారంటే దుకాణం షట్టర్ దించేసేవారు, ఈయన ఇంట్లో కూర్చుని నా ప్రాణం తినేవాడు. ఆ ఎండాకాలం వీడియోలు చూసి కొత్త పిచ్చి పట్టుకొచ్చాడు. గాలానికి వానపామును గుచ్చకూడదట. కోడి ఈక, దారం చుట్టి ఉత్తుత్తి ఈగను కట్టి నీళ్లమీద విసిరితే, చేప నిజం ఈగేననుకుని మింగుతుందట. చేపలు మరీ అంత తెలివితక్కువవా!

ఒక బంద్ రోజు బీరువా తెరిచాను. పోచంపల్లిలో మా నాన్న నేసిన ఆఖరి పట్టుచీర, నా పెళ్లికి పెట్టింది. దాని కొంగున ఎర్ర కుచ్చు ఒకటి మాయం!

ఆ చీర నేను ఒక్కసారీ కట్టలేదు. పెళ్లిలో మా అత్త దాన్ని పట్టుకుని చూసి, "గీ ఎరుపు ఒక్క తడుపుకే దిగుతది" అంది. "దిగదమ్మా, నాది జిమ్మెదారి" అన్నాడు నాన్న. కొన్నాళ్లకే పోయాడు. కడితే చెమట పడుతుంది, తడపాల్సొస్తుంది. రంగు దిగితే నాన్న మాట పోతుంది. ఆ భయంతోనే మడత విప్పలేదు.

బస్సుల్లేవు, ఆటోల్లేవు. ఎల్బీనగర్‌లోని మా ఇంటి నుంచి, ఈయన పొద్దున్నే చేపలకు పోయిన బడంగ్‌పేట్ దారిలోని కుంట దాకా మండుటెండలో తిట్టుకుంటూ నడిచాను. ఈయన తలకు టవల్ చుట్టుకుని మోకాలిలోతు నీళ్లలో నిలబడి వెదురుకర్ర ఆడిస్తున్నాడు.

"నా కుచ్చు యాడున్నది?"

"ఈగకు చుట్టిన. ఎర్రగుంటెనే కొరుకుతున్నయే. ఒక్కటే గద!"

"నీ చేపల మన్నువడ! గది మా నాయిన నేసింది!"

అప్పుడే దారం లాగింది. కోపం కోపంగానే ఉంది, చెయ్యి మాత్రం ఊరుకోలేదు. నేనూ కర్ర పట్టుకుని లాగాను. అరచేయంత జిలేబీ చేప! దాని మూతిలోంచి ఈగను ఊడబెరికాను.

"ఎప్పటిసంది నీళ్లల్ల ఉన్నది ఇది?"

"పొద్దుగాల్నుంచి గిదే విసురుతున్న."

ఆయన జేబులోని తెల్ల దస్తీ లాక్కుని, ఈగను అందులో పెట్టి గట్టిగా పిండాను. విప్పి చూడాలంటే భయమేసింది. విప్పాను. కాస్త నాచు, బురద. ఎరుపు చుక్క కూడా లేదు. అక్కడే గట్టుమీద కూలబడి భోరున ఏడ్చాను.

"ఏమైందే? గిట్లాంటి కుచ్చు ఇంకోటి తెస్త తియ్!" అన్నాడు పాపం, పరేషాన్ అయిపోయి.

ఆ సాయంత్రం నాన్న చీర కట్టుకునే చేపల పులుసు వండాను. ఆ దస్తీని అత్త చేతిలో పెట్టి, "చూడుండ్రి, రంగు దిగలె" అన్నాను.

ఆమె దస్తీని పక్కన పడేసి నన్ను ఎగాదిగా చూసింది.

"గింత మంచి చీర ఇన్నేండ్ల సంది ఎందుకు కట్టుకోకపోతివే?"

తనన్న మాట తనకే గుర్తులేదు.