మోకాలు అన్నవాళ్ళే టీ పెట్టాలి

కండక్టరమ్మకి మైకు అక్కర్లేదని ఊరంతా ఒప్పుకున్న మాట. జీవితమంతా టౌను బస్సులో "ముందుకి జరగండి, ముందుకి జరగండి" అని అరిచి అరిచి సంపాదించుకున్న గొంతు అది. ఉద్యోగం అయిపోయింది గానీ గొంతు మాత్రం రిటైర్ కాలేదు. కూరగాయల బజారులో ఆమె బేరమాడుతుంటే రెండు వీధుల అవతల ధర తగ్గేదని ఆమె ఆడపడుచు వేళాకోళం చేసేది.

ఆ రోజుల్లో బస్సుల్లో ఆడ కండక్టర్లు ఎక్కడో ఒకరు. ఎక్కిన ప్రతి మగాడూ ఆమెని ఎగాదిగా చూసి, ఈ పిల్ల ఏం నిలబడుతుందిలే అన్నట్టు నవ్వేవాడు. అందుకని ఆమె ఒక పట్టు పట్టింది. బస్సు ఎంత జోరుగా పోతున్నా, డ్రైవరు ఎంత కసిగా బ్రేకు వేసినా, పైనున్న రాడ్డు పట్టుకోకూడదని. భుజాన సంచీ, చేతిలో టికెట్ల కట్ట, రెండు కాళ్ళూ కాస్త ఎడంగా పెట్టి నిలబడేది. రిటైరయ్యేదాకా రాడ్డు ముట్టుకోలేదు. ఇందులో ఉన్న గొప్పేమిటో నన్నడిగితే నాకూ తెలీదు. ఆమెకి మాత్రం అది ప్రాణం.

భర్త పోయాక, ఇంట్లో గోడలతో మాట్లాడలేక, గ్రంథాలయం వెనకున్న పెద్దవాళ్ళ గదికి రావడం మొదలుపెట్టింది. మునిసిపాలిటీ వాళ్ళిచ్చిన గది. నాలుగు బల్లలు, ఒక చదరంగం, పేపర్లు, మూలన గ్యాసు పొయ్యి. మొదటి రోజే ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఒకరు బీపీ అంటే ఇంకొకరు షుగరు అంటారు, మరొకరు దానిపైన ఆపరేషన్ వేస్తారు. ఎవరి జబ్బు పెద్దదో తేలకపోతే భోజనం సహించేలా లేదు వాళ్ళకి. వారం ఓపిక పట్టి, ఎనిమిదో రోజు గది మధ్యలో నిలబడింది.

"ఇవాళ్టి నుంచి ఈ గదిలో రోగాల ఊసు వద్దు. మోకాలు అన్నా, ఆయాసం అన్నా, అన్నవాళ్ళే అందరికీ టీ పెట్టాలి. కప్పులు కడగడం కూడా వాళ్ళదే."

మొదట్లో గొణిగారు. గడియారాలు బాగుచేసి బతికిన పెద్దాయన వరసగా మూడు రోజులు టీ పెట్టాల్సొచ్చి, నాలుగో రోజు నోరు కట్టేసుకున్నాడు. ఆ తరవాత ఆ గది గదిలా లేదు. పాటలు, పందేలు, చదరంగంలో దొంగాటలు. టీచరమ్మ, అంటే బడిలో లెక్కలు చెప్పి రిటైరైన ఆవిడ, పేపరు చదివి వినిపిస్తూ మధ్యలో మంత్రుల్ని గొంతు మార్చి అనుకరించేది. అక్కడికి వచ్చినవాళ్ళు వయసు గుమ్మం దగ్గర వదిలేసి వచ్చేవాళ్ళు. అదంతా కండక్టరమ్మ చలవే.

వాళ్ళందర్నీ ఇళ్ళ దగ్గర ఎక్కించుకుని గదికీ, ఆస్పత్రికీ, బజారుకీ తిప్పేది ఒక తెల్ల వ్యాను. పెద్దల సంక్షేమ శాఖ నడిపే బండి. ఎత్తు తక్కువ మెట్టున్న వెనక తలుపు, పక్కన పట్టుకోడానికి కమ్మీ. ప్రతి ఇంటి దగ్గరా కండక్టరమ్మే దిగి, "నెమ్మది, నెమ్మది, తొందరేం లేదు" అని ఎక్కించి, తలుపు వేసి "రైట్" అనేది. తను మాత్రం ముందుకి వెళ్ళి డ్రైవరు పక్కన కూర్చునేది. కండక్టరు కదా, ముందుండాలి అనుకునేవాళ్ళు అందరూ.

అసలు సంగతి డ్రైవరొక్కడికే తెలుసు. వ్యాను ముందు తలుపు దగ్గర, వెనకవాళ్ళకి కనబడని వైపు, అతను ఒక చెక్క పీట వేసేవాడు. ఆమె అతని భుజం మీద బరువంతా మోపి, పళ్ళు బిగబట్టి, ఆ పీట మీదనించి పైకెక్కేది. టౌను బస్సు ఎక్కి ఆమెకి ఏడాది దాటింది. ఆఖరిసారి ఎక్కబోయినప్పుడు కుడి మోకాలు మొరాయించింది, వెనక జనం తోసుకున్నారు, బస్సు వెళ్ళిపోయింది. బస్సుల్లోనే బతుకు గడిపిన మనిషి స్టాపులో ఒంటరిగా నిలబడిపోయింది. ఆ వ్యాను లేకపోతే ఆమెకి ఇక ఇంటి గుమ్మమే లోకం. ఈ మాట ఎవరితోనూ అనలేదు. ఎలా అంటుంది? రూలు పెట్టిందే తనాయె.

"అక్కా, చెప్పేస్తే ఏం పోతుంది?" అనేవాడు డ్రైవరు.

"టీ పెట్టాలిరా తమ్ముడూ" అనేది.

ఇలా ఉండగా సంక్షేమ శాఖ నుంచి కబురొచ్చింది, పెద్దల సౌకర్యాల మీద సర్వే చేస్తాం, ఆఫీసరొస్తారు అని. కండక్టరమ్మ కాలు నేల మీద నిలవలేదు. ఆమెకి తెలిసిన ప్రభుత్వం ఒక్కటే, బస్సు డిపో. డిపోలో లెక్క సూటిగా ఉండేది. బాగా నడిచే రూటుకే కొత్త బస్సు ఇస్తారు, ఏడుపుగొట్టు రూటుకి ఉన్న బస్సు కూడా పీకేస్తారు.

"మనం చక్కగా, చలాకీగా కనబడాలి. ఆ ఆఫీసరు ముందు ఎవరైనా మూలిగారో, నేనూరుకోను. ఈసారి మనకి ఇంకో బండి రాయించుకుందాం" అని అందర్నీ ఎగదోసింది.

ఆఫీసరమ్మాయి నెమ్మదస్తురాలు. నమస్కారాలు పెట్టి, కుర్చీ దగ్గరికి లాక్కుని, గడియారాల పెద్దాయన్ని అడిగింది. "తాతగారూ, మీరు మామూలు టౌను బస్సు ఎక్కగలరా?"

ఆయన వణికే చేతులు రెండూ జేబుల్లో దూర్చుకుని, "బస్సా? కదులుతున్నది పరిగెత్తి ఎక్కుతాను" అన్నాడు.

"మీరండీ, టీచరు గారూ?"

"బ్ర... బ్రహ్మాండంగా" అంది టీచరమ్మ, మధ్యలో ఆగి ఊపిరి తీసుకుని.

ఒక్కొక్కరూ పొయ్యి వైపోసారి, కండక్టరమ్మ వైపోసారి చూసి, రాయిలా ఉన్నామన్నారు. చివరికి ఆ పిల్ల ఆమెనే అడిగింది.

"నన్నా అడుగుతున్నావమ్మా? నేను పుట్టిందే బస్సులో" అంది కండక్టరమ్మ. గది ఘొల్లుమంది. ఆఫీసరమ్మాయి కూడా మనసారా నవ్వి, మిమ్మల్ని చూస్తుంటే ముచ్చటేస్తోందని చెప్పి వెళ్ళింది.

ఆ ముచ్చట పది రోజుల్లో కాగితమై వచ్చి గది తలుపుకి అంటుకుంది. ఇక్కడి పెద్దలంతా మామూలు బస్సుల్లో ప్రయాణించగలరు కాబట్టి వచ్చే నెల నుంచి వ్యాను నిలిపివేస్తున్నాం అని.

టీచరమ్మ చదివి వినిపించింది. ఈసారి గొంతు మార్చలేదు. కండక్టరమ్మ ముందు శాఖని తిట్టింది, తరవాత ఆఫీసర్ని తిట్టింది, తిడుతూ తిడుతూ మధ్యలో నాలుక కరుచుకుంది. ఆ అమ్మాయి అబద్ధం ఏం రాసింది? విన్నదే రాసింది. అబద్ధమంతా ఈ గదిదే. గదికి దాన్ని నేర్పింది తనే.

కానీ కండక్టరమ్మ కూలబడి ఏడ్చే రకం కాదు. మర్నాటి నుంచి ఊరిని ఊపేసింది. వ్యాను తిరిగినన్ని వీధుల్లోనూ సంతకాలు పట్టించింది. కౌన్సిలర్ ఇంటి ముందు నిలబడి పిలిస్తే ఆయన గడ్డం నురగతోనే బయటికొచ్చాడు. సంక్షేమ కమిటీ బహిరంగంగా విచారణ పెట్టాలి, మా మాట మా నోటే వినాలి అని పట్టుబట్టింది. ఆయన కిందా మీదా పడి ఒక తేదీ ఇప్పించాడు. గదిలో చదరంగం మూలపడింది. అందరి మొహాల్లోనూ ఏదో వెలుగు. ఎన్నాళ్ళకో వాళ్ళకి గెలవాల్సిన పని ఒకటి దొరికింది మరి.

విచారణ రోజు వ్యానులో ఆమె వెనక్కి తిరిగి ప్రకటించింది. "వినండి. ఇవాళ ఒక్కరోజుకి రూలు ఎత్తేశాను. ఎవరికేముంటే అది చెప్పేయండి. సిగ్గుపడొద్దు. అన్నయ్యా, నువ్వే ముందు" అంది గడియారాల పెద్దాయనతో.

హాలు నిండిపోయింది. కమిటీ వాళ్ళు వేదిక మీద పొడవాటి బల్ల వెనక కూర్చున్నారు. మైకు కూడా ఆ వేదిక అంచునే ఉంది. అక్కడికి వెళ్ళాలంటే ఎత్తెత్తు మెట్లు, పక్కన పట్టుకోడానికి ఏమీ లేదు. కండక్టరమ్మ ఆ మెట్లని చూసి ముందు వరుసలోనే కూర్చుండిపోయింది.

గడియారాల పెద్దాయన్ని పిలిచారు. కాళ్ళు గట్టివే, ఎక్కాడు. చేతులు జేబుల్లోనే ఉన్నాయి. అధ్యక్షుడు మర్యాదగా, "చెప్పండి, మీ ఆరోగ్యం ఎలా ఉంది?" అన్నాడు.

ఆయన నోరు తెరిచాడు. హాలంతా చూస్తోంది, రెప్ప వెయ్యకుండా చూస్తోంది కండక్టరమ్మ.

"బానే ఉన్నానండి" అన్నాడాయన.

ఆమెకి తల బాదుకోవాలనిపించింది. తరవాత టీచరమ్మ వంతు. మెట్ల మీద రెండుసార్లు ఆగి, మైకు చేరి, ఊపిరి కూడదీసుకుని, "ఏదో... పర్వాలేదండి" అంది. ఇన్నేళ్ళ అలవాటు ఒక్క ప్రకటనతో పోతుందా? వాళ్ళు మొండికేసి అలా అనడం లేదు. నలుగురి ముందూ ఆ మాట నోట రావడం లేదు, అంతే. అధ్యక్షుడు పక్కవాళ్ళతో ఏదో గుసగుసలాడి, కాగితాలు సర్దుకోవడం మొదలుపెట్టాడు.

"ఇంకెవరైనా ఉన్నారా?"

కండక్టరమ్మ లేచింది. మెట్ల దగ్గరికి వెళ్ళి, కుడి కాలు ఎత్తబోయింది. అది లేవలేదు. ఎడమ కాలు వేసి చూసింది. కుడిది బరువు మొయ్యనంది. వేదిక మీంచి ఎవరో, "పైకి రండమ్మా, మైకు ఇక్కడుంది" అన్నారు.

"రాలేను" అంది ఆమె.

మైకు లేకుండానే ఆ మాట హాలు చివరి గోడకి తగిలింది.

"మీరందరూ పైనున్నారు. మైకూ పైనే ఉంది. నేను కింద ఉండిపోయాను. టౌను బస్సు మెట్టు కూడా ఇంతే ఎత్తు బాబూ. నేను జీవితమంతా ఎంతోమందిని ఎక్కించాను. ఇప్పుడు నేనే ఎక్కలేకపోతున్నాను. ఏడాదైంది. వీళ్ళెవరికీ తెలీదు, ఆ డ్రైవరు తమ్ముడు పీట వేసి దొంగచాటుగా ఎక్కిస్తున్నాడు. ఆ ఆఫీసరమ్మాయి తప్పేం లేదు. అబద్ధం మేమే చెప్పాం, నేనే చెప్పించాను. నా మోకాలు పోయింది."

అప్పుడు గడియారాల పెద్దాయన గొంతు వినబడింది.

"మోకాలన్నావు చెల్లెమ్మా. టీ నీదే."

ముందు టీచరమ్మ నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుని లేచింది. "అయితే నేనూ పెడతాను. నాకు ఆయాసం. రెండడుగులకి ఆగాలి." పెద్దాయన జేబుల్లోంచి చేతులు తీసి పైకెత్తాడు. అవి అందరికీ కనబడేలా వణుకుతున్నాయి. "నేను రాడ్డు పట్టుకుంటే రాడ్డే ఊగుతుంది" అన్నాడు. ఇక ఆగలేదు. నడుమన్నారు, కళ్ళన్నారు, గుండెన్నారు. అన్నేళ్ళు మింగినదంతా ఒక్కసారి బయటికొచ్చింది, నవ్వులతో, తోపులాటతో, నేనంటే నేనని. ఆఫీసరమ్మాయి లేచి నిలబడి, "నేను అడిగి రాసుకున్నానండి, చూసి రాయలేదు. మళ్ళీ రాస్తాను. ఈసారి వాళ్ళతోపాటు ఆ వ్యానులో తిరిగి రాస్తాను" అంది.

అధ్యక్షుడు మైకు ఊడదీసి చేత్తో పట్టుకుని మెట్లు దిగి కిందికొచ్చాడు. కండక్టరమ్మ పక్కన నిలబడి, వ్యాను ఆపే ఉత్తర్వు వెనక్కి తీసుకుంటున్నామనీ, ఇక ముందు నోటి మాట మీద ఎవరి సౌకర్యమూ తీసెయ్యకూడదనీ కమిటీ తరఫున చెప్పాడు. ఆ చప్పట్లకి ఆయన చివరి మాటలు ఎవరికీ వినబడలేదు. కండక్టరమ్మకి సంతోషంతో ఒళ్ళంతా తేలిపోయింది, మోకాలు తప్ప.

బయట వ్యాను ఆగి ఉంది. డ్రైవరు అలవాటు కొద్దీ పీట తీసుకుని అవతలి వైపుకి నడిచాడు.

"తమ్ముడూ, అటు కాదు. ఇటు, అందరూ ఎక్కే చోట వెయ్యి" అంది.

అతను వేశాడు. పెద్దాయన ముందెక్కి చెయ్యి అందించాడు. ఆయన చెయ్యీ ఆమె మోకాలూ పోటీపడి వణికాయి. ఎలాగో లోపలికొచ్చింది. సీటు దాకా వెళ్ళడానికి, జీవితంలో మొదటిసారి, పైనున్న రాడ్డు పట్టుకుంది. అది చల్లగా, నున్నగా ఉంది. ఇంత సుఖమా ఇది, ఇన్నాళ్ళూ ఎందుకు పట్టుకోలేదు అనుకుంది.

ఎవరో తలుపు వేశారు. "రైట్" అని బండి బండంతా అరిచింది.

"ఇంతకీ గదికెళ్ళాక టీ ఎవరు పెట్టాలి? అందరమూ అన్నాంగా" అంది టీచరమ్మ.

"ముందన్నది నేను. నేనే పెడతాను" అంది కండక్టరమ్మ. మళ్ళీ అందరికీ వినబడేలానే అంది. "కానీ పొయ్యి దగ్గర నాకో కుర్చీ వెయ్యండి. నిలబడలేను."