హంస కన్ను దగ్గర ఆగిన డప్పు

1988 జూలై 20, బుధవారం. కల్లాపి చల్లాను, పాలు కాచాను. కుళాయి రెండు బిందెలకే ఆగిపోయింది. మగ్గానికి పట్టుపోగు కండెలు చుట్టాను. ఆయనకు మధ్యాహ్నానికి సద్దరొట్టెలు, చెనిక్కాయల చట్నీ చేసి మూతపెట్టాను. బట్టలు ఉతకలేదు. ఏడున్నర బస్సుకు కొత్తచెరువు వెళ్లాలి.

ఈ ప్రయాణం సరదాకి బయలుదేరింది కాదు. ధర్మవరంలో మాకు పట్టుచీరల మగ్గం ఉంది. అంచులో హంసలు రావాలంటే బెజ్జాలు కొట్టిన అట్టలను వరుసగా కుట్టి మగ్గం పైన వేలాడదీస్తాం. బెజ్జం ఉన్నచోట పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. ఆ అట్టల కట్ట ఎవరి చేతికి చిక్కితే ఆ అంచు వాళ్లదే. శ్రావణం పెళ్లిళ్ల కోసం మా ఆయన నాలుగు నెలలు కూర్చుని కొత్త హంసల అంచు తయారుచేశాడు. ఇంకా బజారులో ఎవరూ చూడలేదు. పోయిన వారం నేను రేషను అంగడికి పోయిన సమయంలో ఇద్దరు ఇంగ్లీషు దొరలు మా మగ్గం చప్పుడు టేపులో పట్టుకుంటామని వచ్చి, పోతూ పోతూ ఆ కట్ట అడిగారట. కొత్తచెరువులో ఉంటున్నామన్నారట. ఈయన ఇచ్చేశాడు.

"సోమవారం తెచ్చిస్తామన్నారు. గడియారం కుదవ పెట్టిపోయినారు గదా," అన్నాడు.

"శ్రావణంలో గడియారాలు నేసి అమ్ముతావా?" అన్నాను.

సోమవారం రాలేదు, మంగళవారం రాలేదు. గడియారం కొంగున ముడేసుకుని బస్సెక్కాను.

టిక్కెట్టు నాలుగు రూపాయలు. దారికి రెండువైపులా ఎర్రచేలు దున్ని, విత్తనానికి వాన కోసం ఎదురుచూస్తున్నాయి. ఎడమవైపు కిటికీ దగ్గర కూర్చుంటే పొద్దున ఎండ కొడుతుంది, కుడివైపు చూసుకోండి. కండక్టరును దొరల గురించి అడిగాను.

"గడ్డపాయన, పొడుగాయనేనా? మీ ఊర్లోనే ఎక్కినారు. సంచీ పైన పెట్టండప్పా అంటే పెట్టలేదు. పసిబిడ్డను ఎత్తుకున్నట్ల ఒళ్లో పెట్టుకుని కూచున్నారు."

అట్టల సంచీని అంత భద్రంగా పట్టుకున్నారంటే దాని విలువ తెలిసినవాళ్లే. మిగతా దారంతా నాకు చేలు కనబడలేదు.

తొమ్మిదికి దిగాను. స్టాండు ఎదురుగా ఖాదర్ హోటలు. బొరుగుల ఉగ్గాని, బజ్జీ రెండు రూపాయలకే కడుపు నిండుతాయి. దొరలు అద్దెకున్నది ఆ హోటలు మేడ మీద గదిలోనే. ఖాదరుకు ఇంగ్లీషు వచ్చు.

"దొంగలు కాదులే అక్కా, పిచ్చోళ్లు. నాలుగు దినాలుగా తలుపేసుకుని కాగితాల మింద గళ్లు నింపుతాండారు. నిన్న ఇద్దరూ ఒకటే అరుపులు."

ఉగ్గాని ప్లేటు పక్కకు జరిపాను. మా పనిలో అంచును ముందు గళ్ల కాగితం మీదే గీస్తారు. ఆ కాగితం చూసి ఎవరైనా అట్టలు కొట్టుకోవచ్చు.

ఖాదరును వెంటబెట్టుకుని మేడెక్కాను. మా కట్ట మంచం మీద ఉంది, చెక్కుచెదరలేదు. నేల నిండా గళ్ల కాగితాలు. హంస మెడ, రెక్క, తోక, అన్నీ పెన్సిలుతో దిగాయి. అంతలో ఇంకొకటి కనబడింది. హంస కన్ను దగ్గర ఒక ఖాళీ గడి చుట్టూ ఎర్ర పెన్సిలుతో సున్నా చుట్టి ఉంది.

అది మా ఇంటి గుర్తు. మా మామగారి కాలం నుంచీ ప్రతి అంచులోనూ ఒక బెజ్జం కొట్టకుండా వదిలేస్తాం. మా అంచును ఎవరైనా దొంగిలిస్తే ఆ వెలితి కూడా వాళ్ల చీరలోకి పోతుంది, పట్టుకోవచ్చు. దాన్ని కనిపెట్టి సున్నా చుట్టారంటే వీళ్లు ఆరితేరినవాళ్లు.

"ఎవరికి అమ్ముతాండారో అడుగు ఖాదరూ," అన్నాను.

పొడుగాయన పేరు ఆలన్. ఇది చీరకు కాదు, డప్పుకు అంటున్నాడని ఖాదరు చెప్పాడు. బల్ల మీద, గళ్ల ప్రకారం డప్పు మోగించే బొత్తాల పెట్టె చూపించాడు. వాయించి చూపించమన్నాను. కరెంటు మూడింటికి గాని రాదు. మంచం మీదున్న కట్ట ఒళ్లో పెట్టుకుని అక్కడే కూర్చున్నాను. పరుపు కింద కూడా ఎత్తి చూశాను.

ఆ వ్యవధిలో ఆలన్ తమ కథ చెప్పాడు, ఖాదరు తెలుగు చేశాడు. ఇద్దరిదీ నూలు మిల్లులున్న ఊరే. తాము పనిచేసే మిల్లు మూతపడితే వచ్చిన పైకంతో కరెంటు వాద్యాలు కొన్నారు. డెబ్బయ్యవ దశకంలో మొదటి కచేరీకి పోతే, డప్పు కొట్టే మనిషేడీ అని జనం సీసాలు విసిరారట. అప్పుడు గడ్డపాయన, పేరు పీటరు, ఇంట్లో కూర్చుని డప్పు కొట్టే పెట్టె తయారుచేశాడు. సొంత ఖర్చుతో రికార్డు వేశారు.

"తర్వాత ఆ పాటకు ఊర్లూర్లు తెల్లార్లూ ఎగిరినాయంట. ఈ మొగాలను చూస్తే నమ్ముతావా అక్కా?"

"మరి ఈడికెందుకు వచ్చినారు?"

ఆలన్ తల వంచుకున్నాడు. వాళ్ల తాళాన్నే కుర్రవాళ్లు చౌక పెట్టెల మీద దించి అమ్ముకున్నారట. ఇప్పుడు వీళ్లు వాయిస్తే, పక్కవాళ్లది కాపీ కొట్టారంటున్నారట. ఎవరూ వినని తాళం కోసం తిరుగుతూ ఇక్కడికి చేరారు. బాగానే ఉంది కథ. కథలు ఎవరైనా చెబుతారు.

మూడు దాటాక ఫ్యాను తిరిగింది. పీటరు పెట్టె మీట నొక్కాడు. మెల్లగా వాయించమన్నాను. గళ్ల వరుసకొక అట్ట చొప్పున తిప్పుతూ, బెజ్జాల మీద వేలు జరుపుతూ విన్నాను. బెజ్జం ఉంటే దెబ్బ, లేకుంటే నిశ్శబ్దం. మెడ దగ్గర పలచగా, రెక్క దగ్గర దట్టంగా మోగింది. నా వేలు కన్ను అట్టలో మేం వదిలేసిన బెజ్జం చోటికి వచ్చినప్పుడు, సరిగ్గా అక్కడ, డప్పు ఒక దెబ్బ మింగేసింది. పీటరు మొహం చిట్లించాడు. ఆలన్ నవ్వాడు.

"ఇదే అక్కా కొట్లాట! గడ్డపాయన ఆ గడి నింపాలంటాడు, ఈయన వద్దంటాడు. దీనికే నీ సోమవారం పోయింది," అన్నాడు ఖాదరు.

"నింపొద్దని చెప్పు," అన్నాను.

ఎందుకని పీటరు అడిగాడు. చెప్పలేదు. డప్పంతా టేపులో ఎక్కించుకుని కాగితాలు నాకిచ్చేయమన్నాను. పీటరు ససేమిరా అన్నాడు. ఆలన్ కాగితాలన్నీ ఏరి, సాపుచేసి, నా చేతిలో పెట్టాడు. తాళం పోగొట్టుకున్నవాడికి నేను ఎక్కువ చెప్పనక్కరలేకపోయింది. అయినా మెట్లు దిగేముందు సంచీ దులిపి చూపించమన్నాను. చూపించారు.

అయిదు గంటల బస్సుకు ఇల్లు చేరి, ఆ కాగితాలతోనే పొయ్యి రాజేశాను. టేపు ఒకటి వాళ్ల దగ్గరే ఉందని ఆయనతో చెప్పాను.

"డప్పు ఇని చీర నేసేటోడు ఉంటే వానికి నా మగ్గమే ఇస్తా," అని నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. ఎక్కడో పేరు తెలియని ఊళ్లో మా హంసలకు జనం ఎగురుతారు, కన్ను దగ్గర ఒక అడుగు తప్పుతారు, ఎందుకో వాళ్లకు తెలియదు. అది తలుచుకుంటే సంతోషమో అనుమానమో తేల్చుకోలేకపోతున్నాను. మగ్గం చూడాలని మా ఊరు వచ్చేవాళ్లకు ఒక్క మాట: ఏదైనా అడగదలిస్తే మగ్గం మీది మనిషిని కాదు, వంటింట్లోని మనిషిని అడగండి.

గడియారం ఆలన్ చేతికి నేనే ఇచ్చి వచ్చాను. అట్టలు మగ్గం ఎక్కాయి. ఆ లెక్క తీరిపోయింది.