అంకుల్ తెలుగులోకి దిగితే

నేను పోకర్ ఆడతానని తెలిస్తే మా చుట్టాలు ముందు నా భార్య వైపు జాలిగా చూస్తారు. తర్వాత ఇల్లు ఎవరి పేరు మీద ఉందని అడుగుతారు. ఇల్లు ఆవిడ పేరు మీదే ఉంది. చదువుకున్న మనిషి కదా, అలాంటి జాగ్రత్తలన్నీ నన్ను చేసుకునేటప్పుడే తీసుకుంది.

నిజానికి మా ఆటలో డబ్బు లేదు. ఫోన్లో ఒక యాప్, అందులో ఉత్తుత్తి చిప్పులు, ఏడాది చివర గెలిచినవాడికి ఒక స్టీలు బిందె. మెల్‌బోర్న్‌లో, సిడ్నీలో, కాన్‌బెర్రాలో తలో మూలా పడ్డ తెలుగువాళ్లం కొందరం కలిసి పెట్టుకున్న లీగ్ అది. ప్రతి శనివారం ఆర్వో, అంటే ఇక్కడి వాళ్ల యాసలో మధ్యాహ్నం పూట, కూర్చుంటాం. ఆ బిందెలో ఇంతవరకూ ఎవరూ నీళ్లు పట్టలేదు. గెలిచినవాళ్లంతా దాన్ని టీవీ పక్కన పెట్టుకుని, వచ్చినవాళ్లు అడిగేదాకా ఆగలేక వాళ్లే చెప్పుకుంటారు.

శనివారం ఆట, మిగతా రోజులు సాధన. క్రెయిగీబర్న్‌లో మా ఇల్లు. పొద్దున్నే ఆవిడను స్టేషన్ దగ్గర దింపి వస్తాను. బట్టలు ఆరేస్తాను. మెల్‌బోర్న్ ఎండను నమ్మి బట్టలారేయడం కన్నా పెద్ద జూదం నేనింతవరకూ ఆడలేదు. తర్వాత పోపులపెట్టెకు ఫోను ఆనించి, వంటింట్లోనే కూర్చుని, ఊరూ పేరూ తెలియని వాళ్లతో ఆడతాను. సాయంత్రమైతే ఒక ఇండియన్ రెస్టారెంట్లో పని. కూరగాయలు తరుగుతాను, గిన్నెలు తోముతాను, పెద్ద వంటాయన సెలవు పెట్టిన రోజున బిర్యానీ కూడా దించుతాను. అయినా నన్ను పిలిచేది గిన్నెల మనిషి అనే.

ఆట తెలియనివాళ్లకు రెండు ముక్కల్లో చెప్తాను. నిజంగానే రెండు ముక్కలు. చేతికి వచ్చేవి అంతే. బల్ల మీద ఇంకో ఐదు విడతలవారీగా తెరుచుకుంటాయి, అవి అందరివీ. మొత్తం ఏడింట్లో ఎవరి ఐదు గొప్పవైతే వాళ్లది గెలుపు. ప్రతి విడతకూ పందెం పెంచుకోవచ్చు. భయమేస్తే ప్యాక్ చేసి తప్పుకోవచ్చు. చేతిలో ఏమీ లేకపోయినా ఉన్నట్టు నటించి ఎదుటివాణ్ణి తరిమేయొచ్చు, దాన్నే బ్లఫ్ అంటారు.

రమ్మీ ఆడుతూ పెరిగిన మనవాళ్లకు ఇక్కడ ఒక జబ్బు పట్టుకుంటుంది. పారేయలేరు. ఇంకొక్క ముక్క పడితే కలుస్తుంది కదా అని చివరిదాకా పట్టుకుని వేలాడతారు. పోకర్లో వచ్చిన చేతుల్లో ముప్పాతిక వంతు కళ్లు మూసుకుని పారేయాలి. ఆ విద్యలో నేను పుట్టు పండితుణ్ణి. తొమ్మిదో తరగతిలో నా చేతికి వచ్చిన ముక్కలు చూసుకున్నాను: లెక్కలు, సైన్సు, హిందీ. మర్యాదగా ప్యాక్ చేసి బయటికొచ్చేశాను.

రెండో సూత్రం, వీలైనంతవరకూ ఆఖర్న మాట్లాడాలి. పెళ్లి బంతిలో చివర కూర్చున్నవాడు ముందువాళ్ల ఆకులన్నీ చూసి, బూరె ఎవరు వదిలేశారో, పులిహోర ఎవరు మారడిగారో గమనించి, అప్పుడు ఆకలి సంగతి తేల్చుకుంటాడు. పోకర్లోనూ అంతే.

మూడోది పుస్తకాల్లో ఉండదు. అది నేను కనిపెట్టిందే.

మా లీగ్‌లో ఆట యాప్‌లో జరుగుతుంది, కబుర్లు వేరే కాల్‌లో నడుస్తాయి. మాటల్లేని పేకాట ఉప్పులేని పప్పు కదా. కాన్‌బెర్రాలో హారిసన్‌లో ఉండే ఒక అంకుల్ మా అందరికన్నా పెద్దవాడు. ప్రభుత్వ ఆఫీసులో పని, గోదావరి మనిషి. ఆయన చేతిలో మంచి ముక్కలు పడితే ఇంగ్లీషు మొదలవుతుంది. వెరీ ఇంట్రెస్టింగ్ సిట్యుయేషన్, మై డియర్ ఫ్రెండ్, అని ఫైలు మీద సంతకం పెడుతున్నంత తీరిగ్గా అంటాడు. బ్లఫ్ చేస్తున్నప్పుడు మాత్రం కోనసీమ కాలువ గట్టు మీద నిలబడి కేకేసినట్టు అచ్చ తెలుగులోకి దిగిపోతాడు. గుండె దడదడలాడుతున్నప్పుడు మనిషికి అమ్మ నేర్పిన భాషే వస్తుంది. కాలి మీద రుబ్బురోలు పడ్డవాడు ఎవడైనా ఇంగ్లీషులో అరిచాడా?

సిడ్నీ వైపు పారమట్టాలో ఐటీలో పనిచేసే తమ్ముడొకడున్నాడు, వాడిది దీనికి సరిగ్గా తలకిందులు. మామూలుగా వరంగల్ తెలుగు. అబద్ధం ఆడాల్సి వస్తే ‘టు బి ఆనెస్ట్’ అని మొదలుపెడతాడు. ఆఫీసు మీటింగుల్లో జవాబు తెలియనప్పుడు అలవాటైన విద్య అయ్యుంటుంది. నా సంగతంటారా, నాకున్నది ఒకటే భాష. కాబట్టి నన్ను పసిగట్టే మొనగాడు లేడని నా ధీమా.

ఈ సిద్ధాంతం పట్టుకుని ఆ ఏడాది గెలుచుకుంటూ పోయాను. ఫైనల్లో మిగిలింది ముగ్గురం: అంకుల్, పారమట్టా తమ్ముడు, నేను. ఆ వారమంతా ఇంట్లో నా నడకే మారిపోయింది. సరిగ్గా అప్పుడే మా ఆవిడ చాలాకాలంగా దాచుకున్న ముక్క తీసింది.

ఆవిడకు ఒక కోరిక ఉంది. వంట చేయడం నాకు వచ్చు, దానికో కాగితం లేదు. ఇక్కడ కాలేజీలో కోర్సు చేసి ఆ సర్టిఫికెట్ తెచ్చుకుంటే గిన్నెల దగ్గర్నుంచి పొయ్యి దగ్గరికి జరగొచ్చని ఆవిడ వాదన. ఎన్నోసార్లు చెప్పింది. నేను ఎన్నోసార్లు జోకులేసి తప్పించుకున్నాను. అసలు సంగతేమిటంటే, బెంచీ అనే మాట వింటేనే నాకు అరికాళ్లు చల్లబడతాయి. ఎవరో లేపి నిలబెడతారు, నాకు తెలియనిదేదో అడుగుతారు, అందరూ వెనక్కి తిరిగి చూస్తారు. నలభై దాటినా ఆ భయం మీసాలు పెంచుకుందే తప్ప పోలేదు. ఆవిడకు అది తెలుసు, అందుకే ఎప్పుడూ గట్టిగా పట్టుబట్టలేదు. ఇప్పుడు పట్టుబట్టింది.

“బిందె గెలిస్తే ఇక జన్మలో కోర్సు మాట ఎత్తను. ఓడిపోతే సోమవారం సెలవు పెడతాను, ఇద్దరం కాలేజీకి వెళ్తున్నాం” అంది.

“మూడో దారేమీ లేదా మేడమ్?”

“ఉంది. రెండోదే ఇంకాస్త ముందు, ఈ శుక్రవారం.”

ఒప్పుకున్నాను. గెలుస్తానని అంత నమ్మకం మరి.

శనివారం భోజనాలయ్యాక కూర్చున్నాం. మా ఆవిడ ఎదురుగా బఠాణీలు ఒలుస్తూ కూర్చుంది. ఆటగాడి వెనక ఎవరూ నిలబడకూడదు, ముక్క పడదు. అది ఆవిడకూ తెలుసు, పందెం న్యాయంగా జరగాలి కదా. తమ్ముడు ‘టు బి ఆనెస్ట్’ అంటూ చిప్పులన్నీ నెట్టగానే నేను సై అన్నాను. అతని చేతిలో గడ్డిపరక కూడా లేదు. అన్నా, నీకు ఎక్స్‌రే కళ్లున్నయే, అని నవ్వుకుంటూ పక్కకు తప్పుకుని, ఏం జరుగుతుందో చూద్దామని కాల్‌లోనే ఉండిపోయాడు. ఇక అంకుల్, నేను.

కాసేపు ఎత్తులూ పల్లాలూ నడిచాయి. అంకుల్ ఇంగ్లీషులో పలకరిస్తే పారేశాను, తెలుగులో గద్దిస్తే పట్టుకున్నాను. పాలూ నీళ్లూ వేరుచేసినట్టు నడుస్తోంది. ఆయన చిప్పులు తరుగుతున్నాయి, నాలో ఉబ్బు పెరుగుతోంది. బిందె టీవీకి ఏ పక్కన పెట్టాలో కూడా ఆలోచించాను. కుడివైపు, కిటికీ వెలుగు బాగా పడుతుంది.

అప్పుడు పడింది ఆ చేయి. నా దగ్గర రెండు ముక్కలు, వాటిలో ఒకటి రాజు. బల్ల మీద ఇంకో రాజు. జత కుదిరింది, మంచి జత. కానీ ఆఖరి ముక్క తెరుచుకునేసరికి బల్ల మీద మూడు ఇస్పేట్లు చేరాయి. ఎదుటివాడి చేతిలో రెండు ఇస్పేట్లుంటే ఐదూ ఒకే రంగు, నా రాజులు బంట్రోతులతో సమానం. సరిగ్గా అక్కడ అంకుల్ ఉన్న చిప్పులన్నీ ముందుకు తోసేశాడు.

సూత్రం ప్రకారం పారేయాలి. ఆలోచిద్దామని నోరు మూసుకున్నాను. బఠాణీల చప్పుడు తప్ప ఏమీ లేదు. అప్పుడు ఫోన్లోంచి వచ్చింది గోదావరి.

“ఏటబ్బాయ్, నిద్రొచ్చేసిందేటి? ఉంటే ఉండు, లేదంటే తప్పుకో. గోడ మీద పిల్లిలాగ ఎంతసేపు కూకుంటావు?”

నా కళ్లలో నీళ్లు తిరిగినంత పనైంది. అంత స్వచ్ఛమైన తెలుగు ఆయన నోట నేనెప్పుడూ వినలేదు. ఇంతకన్నా పెద్ద బ్లఫ్ ఈ భూమ్మీద ఉండదు. సై నొక్కాను.

ఆసు ఇస్పేటు, నాలుగు ఇస్పేటు.

నా దగ్గర మిగిలిన కాసిని చిప్పులు తర్వాతి చేతిలో టీ గ్లాసు అడుగున చక్కెరలా కరిగిపోయాయి. బిందె హారిసన్ వెళ్లిపోయింది. అదేమిటంకుల్, నిజంగా ముక్కలు పడితే మీరు ఇంగ్లీషు కదా మాట్లాడాలి అని, నా పరువు సంగతి కూడా మరిచిపోయి అడిగేశాను. ఆయనకు అర్థం కాలేదు. నా సిద్ధాంతమంతా విప్పి చెప్పాల్సి వచ్చింది. తమ్ముడి నవ్వు పారమట్టా నుంచి లైను అక్కర్లేకుండానే వినబడింది.

అప్పుడు తెలిసింది. అంకుల్ వాళ్లమ్మగారు ఊరి నుంచి వచ్చి పది రోజులైంది. ఆ చేయి పడేసరికి ఆవిడ నిద్ర లేచి, కాఫీ తెచ్చుకుని ఆయన పక్కన కూర్చుంది. మన పిల్లాడితో ఆ ఇంగ్లీషేమిట్రా, శుభ్రంగా మాట్లాడు అని మందలించింది. ఆయన శుభ్రంగా మాట్లాడాడు. నేను శుభ్రంగా మునిగాను.

అక్కడితో ఆగినా బాగుండేది.

“అయినా నువ్వు సై అంటావని నాకు ముందే తెలుసు బాబూ” అన్నాడు అంకుల్.

ఎలాగని అడిగాను.

“చేతిలో ఏమీ లేకపోతే నువ్వు వరసపెట్టి జోకులేస్తావు. ఏదైనా ఉంటే నోరు పెగలదు. ఇందాక అరనిమిషం నీ గొంతు వినబడలేదు. జత ఉంది, వదలలేవు అనుకున్నాను.”

ఆ సంగతి మాకందరికీ తెలుసు కదా అంకుల్ అన్నాడు తమ్ముడు. అందరికీనట. నేను మా ఆవిడ వైపు చూశాను. ఆవిడ బఠాణీల గిన్నెలో తల పెట్టి భుజాలు కదిలేలా నవ్వుతోంది.

సోమవారం ఆవిడ నిజంగానే సెలవు పెట్టింది. కాలేజీ కౌంటర్ దగ్గర అమ్మాయి మమ్మల్ని చూసి, మీలో స్టూడెంట్ ఎవరని అడిగింది. నేను మా ఆవిడను చూపించాను. ఆవిడ నన్ను చూపించింది. ఆ అమ్మాయి ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, చెవులకు ఉన్న రింగులు ఊగేలా నవ్వి, సరాసరి నన్నే అడిగింది: వారానికి ఒక థియరీ క్లాసు ఉంటుంది, మీకు ఏ రోజు వీలు?

మా ఆవిడ నోరు తెరవబోయింది. ఈలోగా నా నోట్లోంచి, నాకే తెలియకుండా, ఇంగ్లీషు వచ్చేసింది.

“ఎనీ డే ఓకే” అన్నాను. “సాటర్‌డే ఆర్వో, నో.”