కుంపటికి దక్కిన పేరు

తుపాను చలిలో మా మనవడిని కుంపటి కాపాడిందని మా వియ్యపురాలు చెబుతుంటారు. పెళ్ళిళ్ళలో చెబుతారు, పేరంటాల్లో చెబుతారు, బస్సులో పక్క సీటు దొరికితే ముక్కూ మొహం తెలియనివాళ్ళకూ చెబుతారు. చెప్పినప్పుడల్లా కుంపటి కాస్త పెద్దదవుతుంది, నేను కాస్త గయ్యాళినవుతాను. ఆ గదిలో నేనూ ఉన్నాను కాబట్టి నా మాట కూడా వినాలి.

మా అమ్మాయికి తొలి కాన్పు. భీమవరంలో ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. నెలలు నిండకుండా పుట్టాడు, బరువు తక్కువ. ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ గట్టిగా చెప్పింది, బిడ్డ ఒళ్ళు చల్లబడకూడదని. చల్లబడితే పాలు తాగడు, తాగకపోతే మళ్ళీ ఆసుపత్రే. అందుకని రూమ్ హీటర్ కొన్నాం. మన జిల్లాలో హీటరేంటండి అని కొట్లో అబ్బాయి నవ్వాడు. చుట్టూ చెరువులున్న ఇంట్లో మార్గశిరం గాలి ఎలా కొడుతుందో అతనెప్పుడూ చూడలేదనుకుంటాను.

బిడ్డను ఇంటికి తెచ్చిన మర్నాడే తుపాను. స్తంభాలు ఒరిగాయి, కరెంటు పోయింది, రోడ్డుకు అడ్డంగా చెట్లు పడ్డాయి. ఇన్వర్టర్ మీద ఫ్యాన్లు తిరుగుతాయి గాని హీటర్ వెలగదు. ఊళ్ళో జనరేటర్లన్నీ రొయ్యల చెరువుల గట్ల మీదే ఉన్నాయి. చెరువు నీళ్ళకు గాలి అందించే ఏరియేటర్లు ఆగితే రొయ్య చచ్చి తేలుతుంది, ఎవరినని అడుగుతాం? మనవడిని చూడటానికి కొడుకును వెంటబెట్టుకుని వచ్చిన వియ్యపురాలు మా ఇంట్లోనే చిక్కుకుపోయారు. ఆ కొడుకే మా అల్లుడు. ఐసు ఫ్యాక్టరీ నడుపుతాడు.

"మీ ఐసుకి జనరేటరుంది, మీ అబ్బాయికి లేదు. చూశారా అల్లుడు గారూ" అన్నాను.

"చల్లగా ఉంచడమే తెలుసండి అత్తయ్య గారూ. వెచ్చగా ఉంచే పని ఎప్పుడూ చెయ్యలేదు" అన్నాడు వసారాలోంచి.

వసారాలోంచే ఎందుకంటే, పురుడు స్నానం అయ్యేదాకా మగవాళ్ళు బాలింత గదిలో అడుగు పెట్టకూడదట, మైలట. ఆ శాసనం వాళ్ళమ్మగారిది.

"ఆసుపత్రిలో అల్లుడు గారు బిడ్డను ఎత్తుకున్నారు కదా వదిన గారూ" అన్నాను.

"ఆసుపత్రిలో మైల అంటదండి."

ఆవిడ దగ్గర అన్నిటికీ జవాబుంటుంది. ఆ ఒక్క విషయంలో మేమిద్దరం ఒకటే.

మా పెరట్లో పాత కుంపటి ఒకటి పూలకుండీగా బతుకుతోంది. ఆవిడ వానలో వెళ్ళి దాన్ని వెతికి పట్టుకుని, మొక్క పీకేసి, కొబ్బరిచిప్పల బొగ్గులు రాజేసి, తెచ్చి మంచం పక్కన పెట్టారు. అక్కడితో ఆగితే బాగుండేది. కిటికీ సందుల్లో పాత చీరలు కుక్కి, తలుపు కూడా బిగించారు. కాసేపటికి మా అమ్మాయి "అమ్మా, తల తిరుగుతోందే" అంది. నేను చీరలు లాగేసి కిటికీ తీశాను.

"చలిగాలి కొడుతుంది వదిన గారూ."

"బొగ్గుల గాలి లోపలే ఉంటే మనం మిగలం వదిన గారూ. నేను కాలేజీలో కెమిస్ట్రీ చదివాను."

"మా అబ్బాయి కుంపటి పక్కనే పెరిగాడండి, కెమిస్ట్రీ లేకుండానే."

ఆవిడ మూయడం, నేను తీయడం. చివరికి నేనే గెలిచి కుంపటిని గడప బయటికి పంపాను. వెచ్చదనం కూడా దానితోపాటే వెళ్ళిపోయింది.

దీపాలు పెట్టే వేళకు బిడ్డ పాదాలు చల్లబడ్డాయి. పాలకు నోరు తెరవలేదు. మధ్యాహ్నం నుంచి గుండెలకు హత్తుకుని కూర్చున్న మా అమ్మాయి కుట్ల నొప్పితో ఇక తన వల్ల కాదంది. నాకేమో దగ్గు, బిడ్డ దగ్గరికి వెళ్ళే వీల్లేదు. వియ్యపురాలు పాదం పట్టుకుని చూశారు. వానలో తడిసిన ఆవిడ చేతులు అంతకన్నా చల్లగా ఉన్నాయి. చటుక్కున వాటిని వెనక్కి తీసుకుని కొంగులో చుట్టుకున్నారు.

"ఒంటికి ఒళ్ళు ఆనించి పడుకోబెట్టమన్నారండి డాక్టర్ గారు. నాన్నయినా పర్లేదన్నారు" అంది మా అమ్మాయి, అత్తగారితో.

కిటికీ అవతల మా అల్లుడు నిలబడి ఉన్నాడు. ఆవిడ కొడుకు వైపు చూశారు, బిడ్డ వైపు చూశారు. "పొయ్యి మీద పాలు పెట్టొచ్చాను" అని గొణిగి, గది తలుపు బార్లా తీసి వంటింట్లోకి వెళ్ళిపోయారు.

అల్లుడు చొక్కా విప్పి లోపలికి వచ్చాడు. రోజూ మంచుదిమ్మల మధ్య తిరిగే మనిషి ఛాతీ మీద మా అమ్మాయి బిడ్డను బోర్లా పడుకోబెట్టి, దుప్పటి కప్పింది. అతను కొయ్యబారిపోయాడు.

"ఊపిరి పీల్చుకోవచ్చండి అల్లుడు గారూ" అన్నాను గడప దగ్గర నుంచి.

చాలాసేపటికి దుప్పటి కింద కదలిక, ఆ తర్వాత ఏడుపు. ఆకలి ఏడుపు. తల్లి దగ్గరికి చేర్చగానే పాలు తాగాడు. అప్పుడు గాని వియ్యపురాలు వంటింట్లోంచి రాలేదు. చొక్కా లేకుండా నిలబడ్డ కొడుకు వైపు కన్నెత్తి చూడకుండా మనవడి పాదాలు తడిమి, "గడప బయటున్నా కుంపటి సెగ ఎలా తగిలిందో చూశారా వదిన గారూ" అన్నారు.

మైల మాట ఆవిడ మళ్ళీ ఎత్తలేదు. ఇంత నోరున్నదాన్ని, నేనూ ఎత్తలేదు. కుంపటికి పేరు రావాలంటే రానివ్వండి, దానితో నాకు పేచీ లేదు. కానీ చెట్లు పడి ఆ రోజు మా ఊరికి పాలవాడే రాలేదు, ఇంట్లో చుక్క పాలు లేవు. వదిన గారూ, అంతసేపూ వంటింట్లో మీరు కాచిందేంటి?