గ్రీజు లేని చక్రాలు

మా అక్క ముంబై నాగ్‌పాడాలో ఒక బేకరీలో పావ్ రొట్టెలు కాల్చే పని చేస్తుంది. కట్టెల భట్టీ తీసేసి కరెంటు ఓవెన్ పెట్టినప్పుడు పొగ బాధ తప్పిందని సంబరపడింది. కానీ ట్రేల బండిని లోపలికి తోయబోతే చక్రాలు మొరాయించేవి. నొప్పెడుతున్న భుజం పట్టుకుని కామాటిపుర చాల్‌లోని మా గదికి వచ్చేది.

"దినమంతా బేరింగుల ముందరనే కూసుంటవ్ గదా, మా బండి జర చూడరాదే?" అంది ఒకరోజు.

లోహం మీద లోహం రుద్దుకుంటే ఎంత అరుగుతుందో ఒక ప్రయోగశాలలో కొలవడం నా ఉద్యోగం. అప్పటిదాకా ఇంట్లో దాని గురించి అడిగినవాళ్లు లేరు. వెంటనే బయలుదేరాను.

చక్రం విప్పాను. ఇరుసు చుట్టూ ఉండే బుష్ బేరింగులో గ్రీజు వేడికి మాడి, బొగ్గు పెచ్చులా గట్టిపడింది. అక్కడ కావలసింది పొడి పూత. మాలిబ్డినం డైసల్ఫైడ్ అనే నల్లటి పదార్థం పేకముక్కల్లా పొరలు పొరలుగా ఉంటుంది. ఒత్తిడి పడితే పొర మీద పొర జారుతుంది. ఆ ఓవెన్ వేడిని తట్టుకుంటుంది కూడా.

ప్రయోగశాలలో మా సారును అడిగి పూత వేసి బిగించాను. కొద్దిరోజులకే అక్క ఫోన్ చేసింది.

"మళ్లా పట్టేసిందే! మా బేకరీ సేటు నవ్వుతుండు."

నాకు రోషం వచ్చింది. విప్పితే పూత రేకులుగా లేచిపోయి ఉంది. నున్నటి ఉక్కు మీద మందంగా పూశాను. అది పట్టు దొరక్క ఊడింది. ఈసారి ఉక్కు మీద సన్నటి ఇసుకలాంటి పొడి చిమ్మి గరుకు చేసి, పలుచగా పూసి, వేడిలో గట్టిపరిచాను. బేకరీకి పంపేముందు అదే పూతను ఓవెన్ అంత వేడిలో యంత్రం మీద రుద్ది చూశాను. తెర మీద ఘర్షణను చూపే గీత ఎక్కడా ఎగరకుండా సాగుతుంటే కుర్చీలోంచి లేవబుద్ధి కాలేదు.

మళ్లీ బిగించిన రోజు నేనూ అక్కడే నిలబడ్డాను. అక్క నిండు బండిని ఒంటిచేత్తో తోసింది. అది చప్పుడు లేకుండా ఓవెన్ లోపలికి వెళ్లిపోయింది.

"ఏ మిస్త్రీని పిలిచి బాగుచేయించావు?" అని సేటు హిందీలో అడిగాడు.

అక్క జవాబు మాత్రం తెలుగులోనే వచ్చింది, బేకరీ అంతా వినపడేలా. "మిస్త్రీ గాదు సేట్, మా చెల్లె!"

మిగతా బండ్ల బేరింగులు కూడా ఆయన ఒక గోనెసంచిలో వేసి నాకిచ్చాడు. ఆ బరువు భుజాన వేసుకుని, మసి చేతులతో, ఫాక్‌లాండ్ రోడ్డు మీదుగా నడిచే ఇంటికి వచ్చాను.