చెదమట్టి

ఆ రోజు ఫోన్లో నేను "సరే సార్" అని ఉండకూడదు. తెలియక కాదు, తెలిసే అన్నాను.

కొత్త జిల్లాలు ఏర్పడిన మరుసటి ఏడాది ఒక హస్తకళల సంస్థ నన్ను పాల్వంచలో ఫీల్డు అధికారిగా వేసింది. హైదరాబాదు ప్రదర్శనకు వస్తువులు ఎంపిక చేసి పంపడం నా పని. అలా ఏసురత్నం షెడ్డుకు వెళ్ళాను. ఆయన థర్మల్ కేంద్రంలో కాంట్రాక్టు వెల్డరు, షిఫ్టు దిగాక శిల్పి. జూలూరుపాడు వైపు చెదలు తిని వదిలేసిన తెల్లమద్ది దుంగలు తెచ్చుకునేవాడు. చెదలు కట్టిన మట్టి దారులు రాలకుండా తుమ్మబంక నీళ్ళు చల్లి, వాటి చుట్టూ ఉలి నడిపేవాడు. ఒక దుంగ మీద గోదావరి పాయలు పాయలుగా చీలుతున్నట్టే ఉంది.

"ఈ గీతలు నేను గియ్యలే సార్. చెదలు గీసినయి. అవి ఆగిన కాడ నేను మొదలు వెట్టిన," అన్నాడు.

"ఊర్ల అందరు చెదలకు మందు కొడ్తరు. ఈయన సుట్టాల లెక్క జూస్తడు," అంది ఆయన భార్య మార్తమ్మ.

ఉద్యోగంలో చేరాక బొమ్మలు గీయడం మానేసిన నేను ఆ సాయంత్రం మళ్ళీ పెన్సిలు పట్టాను.

హైదరాబాదుకు ఆ గోదావరి దుంగనే ఎంచుకున్నాను. ఆయనకది మొదటి ప్రదర్శన. నలుగురికీ నచ్చితే వెల్డింగు మానేసి ఇదే పని చేసుకుంటానన్నాడు.

చెక్క వస్తువులకు మా నిబంధన ఒక్కటే: లోపల పురుగు బతికి ఉండకుండా మూసిన గదిలో మందు పొగ పట్టించాలి. అది చేయించాను. దుంగ ఫొటో చూసిన పై అధికారి ఫోన్ చేసి, మట్టి కట్టె హాల్లోకి రాకూడదు, శుభ్రం చేయించమన్నారు. ఆ మట్టే అసలు పని అని చెప్పాల్సింది. నా ప్రమోషన్ ఆయన చేతిలో ఉంది. ఒప్పుకున్నాను. మా గోదాము వాళ్ళు పైపుతో మట్టంతా కడిగి వార్నిష్ కొట్టారు. ఏసురత్నానికి కబురైనా చేయలేదు.

ప్రారంభం రోజు ఆయన చర్చికి తొడుక్కునే తెల్లచొక్కాతో, మార్తమ్మను వెంటబెట్టుకుని వచ్చాడు. దుంగ మీద మట్టి దారులు పోయిన చోటును వేలితో తడిమాడు.

"ఇది ఎవరిది సార్?"

మీదే, కొంచెం శుభ్రం చేశారని గొణిగాను.

"నాది గాదు. పేరు తీసెయ్యిండ్రి."

"బాగనే అలికిండ్రు సారూ," అంది మార్తమ్మ. "పండుగేమన్న ఉన్నదా?"

ప్రదర్శన ముగిశాక దుంగను నేనే పాల్వంచ తీసుకెళ్ళి, కడిగించింది నేనేనని, ఎందుకో కూడా చెప్పాను. "అవ్ సార్, ఎరుకే," అని ఆయన షిఫ్టుకు వెళ్ళిపోయాడు. వెల్డింగు మానలేదు. మాకు మళ్ళీ ఏ వస్తువూ ఇవ్వలేదు.

భయపడే అధికారి చేతిలో ఏ వస్తువూ క్షేమం కాదని నాకు తెలిసింది. అప్పటి నుంచి రిటైరయ్యేదాకా, ప్యాకింగుకు ముందు చేసినవాళ్ళనే గోదాముకు పిలిపించి, ఏది మురికో ఏది పనో సిబ్బందికి వాళ్ళ నోటితోనే చెప్పించాను. పైవాళ్ళు ఒప్పుకోకపోతే వస్తువును ఉన్నదున్నట్టు వెనక్కి పంపాను.