సగం పాలుకు ఇచ్చిన పెట్ట

మొన్న ఆదోనిలో మా చర్చి కోత పండుగ జరిగింది. పచ్చి వేరుశనగ తీగల మట్టివాసన, కొత్త జొన్న కంకుల నూగు ముక్కుకు తగులుతుండగా వేలం మొదలైంది. మైకులో "ఒకటోసారి" అన్న కేక వినగానే దానియేలు పెద్దయ్య గుర్తొచ్చాడు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. జిన్నింగు మిల్లులో దూది దుమ్ముకు బొంగురుపోయిన గొంతుతో, సంఘ పెద్దగా ఏటా వేలం ఆయనే పాడించేవాడు.

మా పండుగ తెలియనివారికి ఒక మాట. ఎవరికి కలిగినది వారు తెచ్చి దేవుని బల్ల ముందు పెడతారు. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. పేదవాళ్ళు తెచ్చినదానికి మాత్రం ఎవరూ పోటీకి రారు. వాళ్ళే తక్కువకు పాడుకుని, దీవెన పొందిన వస్తువుగా ఇంటికి తీసుకుపోతారు. ఎక్కడా రాసిలేని కట్టుబాటు అది. నాకూ తెలుసు.

పెద్దయ్య ఉన్నప్పటి ఒక పండుగ సంగతి ఇది. ఆ ఏడు నేను ఎమ్మిగనూరులో బట్టల అంగడి పెట్టి నిలదొక్కుకున్నాను. పండుగనాడు పొద్దున సువార్త చదివింది నేనే. కుడిచెయ్యి చేసే ధర్మం ఎడమచేతికి తెలియకూడదని ప్రభువు చెప్పిన భాగం. గొంతు బాగుందని అందరూ మెచ్చుకున్నారు. వేలంలో ఇనుపసామాన్ల అంగడి ప్రకాశం ఒక గుమ్మడికాయను ఎవరికీ అందని ధరకు పాడాడు. అతనికి మోగిన చప్పట్లు నాకు గుచ్చుకున్నాయి. తర్వాత వచ్చింది మార్తమ్మ పెట్ట. ఆమె పత్తి కూలికి పోయే విధవరాలు. కొడుకు జ్వరం తగ్గితే ఇస్తానని మొక్కుకున్న కోడి, ఆమెకున్న ఒకే కోడి. కొంగుముడి విప్పుకుంటూ ఆమె మొదటి పాట పాడింది.

"ఏమప్పా అంగడోడా, నోరు రాలేదా?" అని ప్రకాశం నవ్వాడు.

నేను పాడాను. ఆమె కొంచెం పెంచింది. నేను రెట్టింపు చేశాను. ఆమె కొంగు మళ్ళీ ముడేసుకుంది. మూడోసారి అనడానికి పెద్దయ్య చాలాసేపు ఆగాడు. ఆమెకు వదిలేస్తానంటానేమోనని ఎదురుచూశాడనుకుంటాను. నేను చప్పట్ల కోసం ఎదురుచూస్తున్నాను.

కోడిని సంకన పెట్టుకుని బయటికొస్తుంటే గేటు దగ్గర పెద్దయ్య పట్టుకున్నాడు. "పొద్దున సదివినావే, ఆ ఎడమచెయ్యి యాడుండాదప్పా?"

అది కోడిని పట్టుకునే ఉంది. సిగ్గేసి, అప్పటికప్పుడే మార్తమ్మ ఇంటికి పోయి, కోడిని తీసుకోమన్నాను. ఆమె గడప దిగలేదు.

"దేవునికిచ్చిందాన్ని నాకు ధర్మం సేస్తావా అన్నా? నేను చర్చికొచ్చింది బిచ్చానికా?"

తలుపు మూసుకుంది. తిరిగొచ్చి చెబితే పెద్దయ్య నన్ను తిట్టలేదు. నా పక్కనే చర్చి మెట్టు మీద కూర్చున్నాడు. "ఆడ వేలంలో పెద్దోడివైతివి, ఈడ ధర్మంలో పెద్దోడివైతివి. ఆయమ్మ రెండుసార్లూ కిందనే ఉండె గదప్పా" అన్నాడు. తర్వాత, "నీకు కోళ్ళు సాకడం వచ్చునా?" అని అడిగాడు.

"రాదు పెద్దయ్యా."

"అది పోయి సెప్పు."

మరునాడు ఇద్దరం పోయాం. నిన్న తప్పు చేశానని ముందు చెప్పాను. తర్వాత, మా ఇంట్లో కోడిని సాకేవాళ్ళు లేరు, సగం పాలుకు పెంచిపెడతావా అని అడిగాను. ఒకరి కోడిని మరొకరు పెంచి, పిల్లల్ని చెరిసగం పంచుకోవడం మా వైపు ఆనవాయితీ. మార్తమ్మ నన్ను ఎగాదిగా చూసింది.

"గింజలు నువ్వే తేవాల. కుక్క ఎత్తుకపోతే నన్నడగొద్దు."

"సరేమ్మా."

"నూకలు తెస్తే ఒప్పుకోను. జొన్నలే తేవాల."

బేరమాడుతూనే చెయ్యి చాచి కోడిని తీసుకుంది. పెద్దయ్య అటు తిరిగి దగ్గాడు. అది దగ్గు కాదని నాకు తెలుసు.

ఆ వాక్యం గుట్టుగా ఇవ్వమనడమేనని అంతవరకూ అనుకునేవాణ్ణి. ఇచ్చినవాడి చెయ్యి పైన ఉందని తీసుకున్నవాళ్ళకు తెలియకుండా ఇవ్వడం ఎంత కష్టమో ఆయన వెంట నడిచాకే తెలిసింది. ఇప్పటికీ దాతల పేర్లు చదువుతుంటే నా చెవులు నిక్కుతాయి. ఆ జబ్బు పోలేదు. ఎవరికైనా ఏదైనా ఇవ్వబోతే మాత్రం, వాళ్ళ దగ్గర నేను అడగవలసింది ఏముందా అని ముందు వెతుక్కుంటాను.

కోడిపిల్లలు ఎదిగాక మార్తమ్మ బుట్టతో ఎమ్మిగనూరు బస్సెక్కి నా అంగడికొచ్చింది. "నీ పాలు తెచ్చినా అన్నా. మీద రెండు ఎక్కువే వేసినా" అంది, గిరాకీలందరూ వినేటట్టు. వద్దమ్మా అనబోయి నోరు మూసుకున్నాను. ఆమె బుట్టను నేల మీద పెట్టింది. గద్దె దిగి, వంగి, రెండు చేతులతో ఎత్తుకున్నాను.